ఒక్క చాయ్‌తో ఎంతసేపు కూర్చోనిస్తారు? హైదరాబాద్‌లో అసలైన పాత ఇరానీ హోటల్ ఏది?

గుంటూరు ప్రయాణికుడు

మా నాన్నగారు 1971 నుంచి 1974 వరకు హైదరాబాద్‌లో చదువుకున్నారు. అప్పట్లో నాంపల్లిలో గది అద్దెకు తీసుకుని ఉండేవారు. సాయంత్రమైతే నలుగురు మిత్రులు ఏదో ఒక ఇరానీ హోటల్‌కు (ఇరాన్ నుంచి వచ్చినవారు ఈ నగరంలో పెట్టిన చాయ్ హోటల్‌కు) చేరి, రెండు చాయ్‌లు చెప్పి, వాటిని వన్ బై టూ చొప్పున పంచుకుని, వీధి దీపాలు వెలిగిన చాలాసేపటి దాకా కబుర్లాడుకునేవారట. ఆ హోటల్ పేరు ఆయనకు ఇప్పుడు గుర్తులేదు. పాలరాతి పలక పరిచిన బల్ల, వంపు చేతుల కర్ర కుర్చీ, గోడకు నిలువుటద్దం మాత్రం నిన్న చూసినట్టే వర్ణిస్తారు.

వచ్చే నెల పని మీద వస్తూ ఆయనను కూడా వెంటబెట్టుకు వస్తున్నాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కనుక ఆరేడు చోట్లకు తిప్పలేను. వెతికిన ప్రతి జాబితాలోనూ నిమ్రా, నిలోఫర్, ప్యారడైజ్ పేర్లే కనిపిస్తున్నాయి. ఇవి నిజంగా పాతకాలపు హోటళ్ళేనా, లేక పేరు పెరిగినందువల్ల పాతవిగా చలామణీ అవుతున్నాయా? ఒకటో రెండో చెప్పండి, ఎందుకు అదే మంచిదో కూడా చెప్పండి.

లష్కర్ నివాసి

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. చార్మినార్ పక్కన ఉన్న నిమ్రా 1993లో మొదలైంది. లక్డీకాపూల్ దగ్గరి నిలోఫర్ 1978 నాటిది. మీ నాన్నగారు చదువు ముగించుకుని ఊరు చేరేనాటికి ఈ రెండూ పుట్టనే లేదు. ప్యారడైజ్ 1953 నాటిదే గాని, అది సికింద్రాబాద్‌లో అదే పేరుగల సినిమా థియేటర్‌లో చిన్న క్యాంటీన్‌గా మొదలై, థియేటర్ పోయినా తాను నిలిచి, చివరకు కూడలికీ మెట్రో స్టేషన్‌కూ కూడా తన పేరే మిగిల్చిన హోటల్. ఇవాళ లోకానికి అది బిర్యానీ పేరుగానే తెలుసు.

పాతది కావాలంటే ముందు పుట్టిన తేదీ చూడాలన్నది నా వాదన. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నుంచి ఉంది. మొజంజాహీ మార్కెట్ కట్టడం కూడా ఆ ఏడాదిదే. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా ఉంది. రైలు దిగిన మనిషికి ఈ నగరం మొదటిసారి చాయ్ రుచిగానే పరిచయమవుతుందని మేము చెప్పుకునే మాట ఆ హోటల్ వల్ల వచ్చిందే. ఈ రెండింటిలో ఒకదానికి తీసుకెళ్ళండి.

పత్తర్‌గట్టి పాదచారి

వయసును బట్టి హోటల్‌ను ఎంచడం, పుట్టిన తేదీ చూసి వైద్యుణ్ణి ఎంచినట్టు ఉంటుంది. గోడకు తొంభై ఏళ్ళున్నా లోపల మరుగుతున్నది పొడి పాలైతే మీ నాన్నగారికి దక్కేది గోడే.

ఇరానీ చాయ్‌ని చాయ్‌గా నిలబెట్టేది దాన్ని కాచే పద్ధతి. మన ఇళ్ళలో పాలు, నీళ్ళు, పొడి, పంచదార ఒకే గిన్నెలో వేసి పొంగిస్తాం. అక్కడ డికాక్షన్ వేరు, పాలు వేరు. డికాక్షన్ పాత్ర మూతికి బట్ట చుట్టి, మూత బిగించి, సన్నని సెగ మీద దమ్ పట్టిస్తారు. పక్కనే పాలు గంటల తరబడి మరిగి, మీగడ రంగుకు తిరిగి చిక్కబడతాయి. ముందు కప్పులో కొలతగా డికాక్షన్, ఆ మీద పాలు పడతాయి. అల్లం, యాలకులు వేయడం ఆనవాయితీ కాదు. ఆ వగరూ ఆ కమ్మదనమూ కప్పులో కలిసిన క్షణమే దాని రుచి. నిమ్రాలో ఈ పని అందరి కళ్ళెదుటే జరుగుతుంది. పక్కనే పొయ్యిలోంచి ఉస్మానియా బిస్కెట్ల రేకులు వేడివేడిగా బయటికి వస్తుంటాయి. (ఆ బిస్కెట్టుకు ఉస్మానియా ఆసుపత్రి వల్ల పేరొచ్చిందని కొందరు, నిజాం వల్ల వచ్చిందని కొందరు పోట్లాడుకుంటారు. ఆసుపత్రికి పేరిచ్చింది కూడా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖానే కాబట్టి ఆ పోట్లాటకు నేను దూరంగా ఉంటాను.)

యజమాని ఇరానీ అయి ఉండాలన్న పట్టింపు కూడా పనికిరాదు. నిలోఫర్‌లో పనివాడిగా చేరిన బాబూరావు గారు తరువాత ఆ హోటల్‌కే యజమాని అయిన సంగతి నగరమంతా ఎరిగినదే. చేతిపని చేతినుంచి చేతికి మారడమంటే అదే కదా. 1993లో మొదలైన చోట పాత పద్ధతి నిలిచి ఉంటే, నా లెక్కలో అది పాత హోటలే.

గల్లా పక్క కుర్చీ

ఒకరు తేదీ చూశారు, ఒకరు కప్పు చూశారు. అడిగినాయన మాత్రం కుర్చీ గురించి అడిగారు. నలుగురు, రెండు చాయ్‌లు, దీపాలు వెలిగిన తరువాత కూడా చాలాసేపు: ప్రశ్నలో ఉన్నది ఇంతే. ఇరానీ హోటల్‌ను మిగతా హోటళ్ళనుంచి వేరు చేసింది ఆ కూర్చోనివ్వడమే.

ఉడిపి హోటల్ కూడా ఈ నగరానికి పాత చుట్టమే. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ 1948 నుంచి ఇడ్లీ, కాఫీ పెడుతోంది. అయితే ఉడిపి హోటల్‌కు మనం తినడానికి వెళ్ళి, తిని లేస్తాం. ఇరానీ హోటల్‌కు వెళ్ళేది కూర్చోవడానికి, చాయ్ అందుకు చెల్లించే అద్దె. ఆబిడ్స్‌లోనే ఉండిన ఓరియంట్ హోటల్ ఇవాళ లేదు. అయినా దాన్ని జనం తలచుకుంటున్నది చాయ్ రుచి కోసం కాదు, మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవి, ఆయన చుట్టూ రాజకీయవాదులు, పాత్రికేయులు ఆ బల్లల దగ్గర పొద్దు గడిపినందుకు.

నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్న ఒక దృశ్యం చెబుతాను. మీరు కూర్చోగానే, అడగకపోయినా, బైరా ఒక పళ్ళెంలో చిన్న ఉల్లి సమోసాలు తెచ్చి పెడతాడు. ఇంకో పళ్ళెంలో బిస్కెట్లు ఉంటాయి. మీరు తిన్నన్ని తింటారు. లేచేటప్పుడు అతను మిగిలినవాటిని కంటితోనే లెక్కపెట్టి, కాగితం కలం లేకుండా, మీరు గల్లా దగ్గరికి చేరేలోపు మొత్తాన్ని అక్కడినుంచే కేకవేసి చెబుతాడు. గల్లాలో కూర్చున్నాయన తలెత్తకుండా చిల్లర తీస్తాడు. ఎన్ని తిన్నామో మనల్ని అడగరు. ఈ నమ్మకం ఎక్కడ ఉందో అక్కడ కూర్చోనిస్తారు. ముందు కౌంటర్‌లో టోకెన్ కొనుక్కోవాలంటే, చాయ్ ఎంత బాగున్నా, అది వేరే రకం దుకాణం.

పాత పేరు మాత్రం పూచీ కాదు. చాలా పేరున్న ఒక హోటల్‌లో పోయిన ఏడాది నేనూ ఒక మిత్రుడూ కూర్చున్న పావుగంటలో బైరా మా బల్లను మూడుసార్లు తుడిచాడు. మూడోసారి నా కప్పు ఎత్తి మరీ తుడిచాడు. అతని తప్పు లేదని నాకు తెలుసు, వెనక నిలబడి చూస్తున్నది మేనేజరు.

లష్కర్ నివాసి

గల్లా పక్క కుర్చీ గారు చెప్పినది మనసుకు బాగుంది గాని, లెక్కకు నిలవదు. ఈ హోటళ్ళు ఎక్కువగా నాలుగు రోడ్ల మూలల్లో ఉంటాయి. ఒకప్పుడు ఎవరూ కోరని ఆ మూలలే ఇవాళ నగరంలో అన్నిటికంటే ఖరీదైన స్థలాలు. పాల ధర పెరిగింది, గ్యాస్ ధర పెరిగింది. కొన్ని మూలలు రోడ్డు వెడల్పు పనుల్లో పోయాయి. యజమానుల పిల్లలు వేరే చదువులు చదివి వేరే దేశాల్లో స్థిరపడ్డారు. ఒక్క చాయ్ మీద ఇద్దరు మనుషులు గంటసేపు బల్లను ఆక్రమిస్తే, ఆ గంట అద్దె ఎవరు కట్టాలి?

కట్టేది లోపలి ఏసీ గదిలో బిర్యానీ తింటున్న కుటుంబం. ఇవాళ బతికి ఉన్న పాత హోటళ్ళలో చాలావాటికి ఆధారం ఇదే. అందుకే బిర్యానీ వచ్చి ఇరానీ హోటల్‌ను చెడగొట్టిందన్న మాట నేను ఒప్పుకోను. బిర్యానీ లేకపోతే ఆ చాయ్ బల్ల ఎప్పుడో మొబైల్ దుకాణంగా మారిపోయేది. కాబట్టి మీ కుర్చీ కొలతను నేను కొద్దిగా సవరిస్తాను. ముందు భాగంలో చాయ్ విభాగాన్ని విడిగా ఉంచుకుని, అక్కడ భోజనం వడ్డించని హోటల్‌ను వెతకాలి. భోజనాల వేళ కూడా ఆ బల్లల మీద కప్పులే కనిపిస్తే, అక్కడ మిమ్మల్ని లేపరు.

వర్లీ తెలుగు

ముంబై నుంచి ఒక మాట. మూలస్థలాల ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. మనవాళ్ళు వీధిపోటు అని వదిలేసిన స్థలాలను పట్టింపు లేని ఇరానీలు చౌకగా తీసుకున్నారన్న కథ ఇక్కడా ఇలాగే చెబుతారు. రెండువైపులా గుమ్మాలు, వచ్చేపోయే జనం కంటబడే చోటు అన్నది వ్యాపారికి తెలియని విషయమేమీ కాదు గనుక, శకునం ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

ఇక్కడి పాత ఇరానీ కేఫ్‌లు, 1904 నాటి కయానీ, 1923 నాటి బ్రిటానియా వంటివి, ఎక్కువగా జొరాస్ట్రియన్ (పార్సీల మతమే) ఇరానీలవి. హైదరాబాద్‌లో ఈ వ్యాపారం పెట్టినవారు ప్రధానంగా ఇరాన్ నుంచి, కొందరు ముంబై, పుణెల మీదుగా వచ్చిన షియా ముస్లింలు. అందుకే ఇక్కడ బన్ మస్కా (వెన్న రాసిన బన్) పక్కన ఆమ్లెట్, కేకు కనిపిస్తే, అక్కడ లుఖ్మీ (ఖీమా కూరిన చదరపు సమోసా), ఖీమా రొట్టె కనిపిస్తాయి. కూర్చోనివ్వడం మాత్రం రెండు ఊళ్ళకూ ఉమ్మడి అలవాటు. ఇక్కడ కూడా అది తగ్గుతోంది.

పత్తర్‌గట్టి పాదచారి

చాయ్ విభాగం కొలతను ఒప్పుకుంటున్నాను. అది మర్యాదను గోడ కట్టి కాపాడుకున్నట్టు. కాని నిలబడి తాగే చాయ్‌ని చిన్నచూపు చూడకండి. తెల్లవారుజామున చార్మినార్ దగ్గర కూలికి పోయేవారు, పూలబండి వారు, ఫొటోలు తీసుకునే కుర్రాళ్ళు ఒకే అరుగు ముందు సాసర్లు పట్టుకుని నిలబడతారు. అక్కడ ఎవరూ ఎవరినీ లేపరు, కూర్చున్నవారే లేరు గనుక. గుంటూరు ప్రయాణికుడు గారు నాన్నగారిని పొద్దున్నే ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళి, సాయంత్రం మీకు నచ్చిన కుర్చీ వెతుక్కోండి. ఎండెక్కితే మాత్రం ఆ రద్దీలోకి తీసుకెళ్ళకండి.

గుంటూరు ప్రయాణికుడు

అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళి వచ్చాము. ఇద్దరి మాటా విన్నాను.

పొద్దున ఆరున్నరకు నిమ్రా దగ్గర ఉన్నాము. నాన్నగారు ఒక చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో కప్పు పట్టుకుని తాగారు. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచీ ముంచగానే విరిగి మునిగిపోతే, దాన్ని వేలితో తీసుకుని మరీ తిన్నారు. అంత మంచి చాయ్ తన చదువుకునే రోజుల్లో కూడా తాగలేదని ఆయనే అన్నారు. పాదచారి గారికి ఈ గెలుపు చెందవలసిందే.

సాయంత్రం నాంపల్లి వైపు నడిచాము. లష్కర్ నివాసి గారి సవరణ పట్టుకుని మూడు గుమ్మాల్లోకి తొంగిచూశాను. మొదటి రెండింటిలో చాయ్ బల్లల మీద బిర్యానీ పళ్ళాలు ఉన్నాయి. మూడోదానిలో కప్పులే ఉన్నాయి. ఆ హోటల్ పేరు ఇక్కడ రాయను, రాస్తే అది కూడా జాబితాల్లోకి ఎక్కుతుంది. అద్దం లేదు, కుర్చీలు స్టీలువి. బల్లకు మాత్రం పాలరాతి పలక ఉంది, ఒక మూల పెచ్చు ఊడిపోయి, ఊడినచోట అరిగి నున్నబడింది. నాన్నగారు మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో ఆ మూలను రాస్తూనే ఉన్నారు. ఇదే ఆ హోటలా అని అడిగితే కాదన్నారు, మళ్ళీ ఏమో అన్నారు.

చాయ్ పొద్దుటి చాయ్‌కి సాటి రాదు, డికాక్షన్ కాస్త మాడింది. ఆయన వచ్చీరాని ఉర్దూలో, కొంచెం సిగ్గుపడుతూనే, ఒకటి చెప్పి వన్ బై టూ అన్నారు. బైరా వింతగా చూడలేదు. చాయ్‌తోబాటు ఒక ఖాళీ కప్పు తెచ్చి పెట్టి, సమోసాల పళ్ళెం దగ్గరికి జరిపి వెళ్ళిపోయాడు. మేము ఎనిమిది దాటేదాకా కూర్చున్నాము. మధ్యలో ఒక్కసారి మాత్రం బల్ల తుడిచాడు, అదీ నేను చాయ్ ఒలకబోసినందుకు. రెండో చాయ్ చెప్పినప్పుడు మేము అడగకుండానే ఖాళీ కప్పు కూడా వచ్చింది.