అండమాన్: మధ్యాహ్నం దిగి అదే రోజు హావ్‌లాక్ వెళ్ళిపోవచ్చా?

ప్రశ్న: జనవరిలో హైదరాబాదు నుంచి వెళ్తున్నాం. విమానం పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి 12 దాటుతుంది. అమ్మానాన్న, ఎనిమిదేళ్ళ పాప కూడా ఉన్నారు. అదే రోజు హావ్‌లాక్ దీవికి ఓడెక్కితే ఒక రాత్రి కలిసొస్తుందని ఆశ.

జవాబు: కలిసి రాదండి. విమానం గంట ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు, టికెట్ డబ్బులు పోయినట్టే. ఓడ దగ్గరికి గంట ముందే చేరాలి, సామాను స్కానింగ్ ఉంటుంది, అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ చూస్తారు. పాప ఆధార్ మర్చిపోకండి. పైగా అక్కడ పొద్దు తొందరగా గుంకుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పోర్ట్ బ్లెయిర్ దాదాపు 93 మీద ఉంది. అంటే సూర్యుడు మన గడియారం కంటే 40 నిమిషాలు ముందున్నట్టు. జనవరిలో సాయంత్రం 5:15 ప్రాంతంలోనే సూర్యాస్తమయం. అంత కష్టపడి వెళ్ళినా హావ్‌లాక్‌లో మీకు కనిపించేది చీకటే.

మొదటి రోజు ఊళ్ళోనే ఉండండి. విమానాశ్రయం నుంచి హోటల్ దూరమేమీ కాదు. భోంచేసి 3 లోపు సెల్యులార్ జైలుకు వెళ్తే వెలుతురులో గదులు చూడొచ్చు. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. చీకటి పడ్డాక అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. సీజన్లో టికెట్లు అయిపోతాయి, ముందే తీసుకోండి. మర్నాడు పొద్దున ఓడకు వెళ్ళండి. గాలి పెరగకముందు కాబట్టి పెద్దవాళ్ళకు కాస్త నయం.

మరొకరి జవాబు: టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే కంగారు పడకండి, అది హావ్‌లాకే. షహీద్ ద్వీప్ అంటే నీల్. 2018లో మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం.

వాంతుల మాత్ర ఓడ కదిలాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, గంట ముందు వేసుకోవాలి. పాప మోతాదు డాక్టర్నే అడగండి. సీటు కింది అంతస్తులో, ఓడ మధ్యలో అడగండి, ముందు భాగం బాగా ఎగిరెగిరి పడుతుంది. ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు.

చేతిలో నగదు ఉంచుకోండి. చిన్న దీవుల్లో నెట్ పోతే ఫోన్ చెల్లింపులన్నీ ఆగిపోతాయి.

ప్రశ్న: పాపను నీళ్ళలోకి దింపొచ్చా? స్కూబా?

జవాబు: స్కూబాకు, అంటే గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగడానికి, పదేళ్ళు నిండాలి. లైఫ్ జాకెట్‌తో స్నార్కెలింగ్ (నీటిపై తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ లోపలికి చూడటం) చేయించొచ్చు. మీరు స్కూబా చేస్తే ఆ తర్వాత 18 గంటలు విమానం ఎక్కకూడదు. శరీరంలో కరిగిన నత్రజని బయటికి పోవాలి, లేకపోతే ఎత్తులో బుడగలు కడుతుంది. కాబట్టి స్కూబా ముందు రోజుల్లో, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టుకోండి. సముద్రం బాగోక ఓడలు రద్దయినా విమానం అందుతుంది.

మొసళ్ళ హెచ్చరిక బోర్డున్న చోట మోకాలు లోతుకు కూడా దిగొద్దు. ఇవి ఉప్పునీటి మొసళ్ళు, కాలువలు, మడ అడవుల దగ్గర తిరుగుతాయి.

ఆటుపోట్ల వేళలు హోటల్లో అడగండి. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి ఆటు సమయంలోనే, అంటే నీరు తగ్గినప్పుడే, నడిచి వెళ్ళగలరు. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి నిన్న వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన టైము పట్టుకుని బయలుదేరకండి. పగడపు రాళ్ళు కోసుకుంటాయి, రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. హవాయి చెప్పులు నీళ్ళలో జారిపోతాయి.

మరొకరి జవాబు: సాయంత్రం ఇసుకలో కూర్చుంటే శాండ్‌ఫ్లైలు అనే చిన్న ఈగలు కుడతాయి. కుట్టినప్పుడు తెలియదు, రాత్రి దద్దుర్లు లేస్తాయి, గోకితే పుండ్లవుతాయి. పాపకు పొడుగు ప్యాంటు వేసి కుర్చీలో కూర్చోబెట్టండి.

ఇంకోటి. గవ్వలూ పగడం ముక్కలూ ఏరనివ్వకండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం స్కానర్‌లో పట్టుబడతాయి, బ్యాగు మొత్తం విప్పాలి. కొన్ని జాతులు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, అప్పుడు వాటిని తీసి పక్కన పెట్టడంతో వ్యవహారం ఆగదు. అమ్మకానికి అనుమతి ఉన్న దుకాణంలో కొంటే రసీదు దగ్గరుంచుకోండి.