సైరన్ లేని రోగికి రాస్తారోకోలో దారి ఎవరిస్తారు?

గాజువాక వాసి:
మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. గత నెల ఒక ఉదయం ఆమెను ఆటోలో తీసుకెళ్తుండగా జాతీయ రహదారి మీద రాస్తారోకో మొదలై, గంటన్నరసేపు కదలలేకపోయాం. వెనుక నుంచి సైరన్ వినిపించగానే కార్యకర్తలు అడ్డంగా కట్టిన తాడు విప్పి, అంబులెన్సును పంపించి, మళ్లీ కట్టేశారు. నేను దిగి వెళ్లి, వాచిపోయిన అమ్మ పాదాలను చూడమని బతిమాలాను. "ఒక్క ఆటోను వదిలితే అందరూ అడుగుతారమ్మా" అని ఒక పెద్దాయన నెమ్మదిగానే చెప్పారు. మేం చేరేసరికి మా వంతు మరొకరికి ఇచ్చేశారు. రాత్రి ఎనిమిదింటికి గాని అమ్మకు మంచం దొరకలేదు. వాళ్ల డిమాండు న్యాయమైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే మాలాంటి వాళ్లు ఆసుపత్రికి వెళ్లేది ఆటోల్లోనూ, సిటీ బస్సుల్లోనూ. ఇలా దారిన పోయేవాళ్లను ఆపకుండా ఉద్యమం నడపడం సాధ్యం కాదా?

ఉక్కు కర్మాగారం విశ్రాంత కార్మికుడు:
మీరు రాసింది చదివి చాలా బాధపడ్డానమ్మా. అయినా రోడ్డెక్కడమే తప్పని నేను అనలేను. విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని 1966 అక్టోబరులో అమృతరావు గారు ఇక్కడ ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నారు; నవంబరు 1న జరిగిన పోలీసు కాల్పుల్లో ఈ ఊరి వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత జరిగాక, 1970 ఏప్రిల్ 17న గాని ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించలేదు. ఆ కర్మాగారం జీతంతోనే నా పిల్లలు చదువుకున్నారు.

కానీ ఒక తేడా గమనించండి. ఆ కర్మాగారం ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో మొదలైన రిలే దీక్షలు రోడ్డు పక్కన శిబిరంలో వెయ్యి రోజులకు పైగా సాగాయి. ఆ ఏడాది మార్చి 5న రాష్ట్ర బంద్ జరిగినప్పుడు తేదీ అందరికీ ముందే తెలుసు. అలా తెలిసి ఉంటే మీరు డయాలసిస్ రోజు మార్చమని అడిగి ఉండేవారు. చెప్పాపెట్టకుండా రోడ్డును దిగ్బంధించడమే నా దృష్టిలో తప్పు.

న్యాయవాది, మహారాణిపేట:
పెద్దాయన మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. ముందుగా చెప్పినంత మాత్రాన బలవంతం బలవంతం కాకుండా పోదు. బలవంతపు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు అదే ఏడాది సమర్థించింది. ఢిల్లీలో రోడ్డు మీద సాగిన ధర్నాకు సంబంధించిన షహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరు 7న ఇచ్చిన తీర్పులోనూ, శాంతియుతంగా నిరసన తెలిపే హక్కును అంగీకరిస్తూనే, ప్రజలు నడిచే దారులను నిరవధికంగా ఆక్రమించరాదని చెప్పింది. అయితే నిరసనకారులను ఎవరికీ కనిపించని మూలకు నెట్టేసే ప్రభుత్వాలకు కూడా ఈ రద్దీలో భాగముందని నా అభిప్రాయం.

పరిశోధక విద్యార్థి, మద్దిలపాలెం:
లండన్‌లో 2019 అక్టోబరు 17న, ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే పర్యావరణ ఉద్యమానికి చెందినవారు కానింగ్ టౌన్ స్టేషన్‌లో రైలు పైకి ఎక్కగా, పనులకు వెళ్లే ప్రయాణికులే కోపంతో వాళ్లను కిందికి లాగేశారు. కాలుష్యం తగ్గాలని పోరాడేవాళ్లు ఆపింది కార్లను కాదు, రైలును! 2023 ఆరంభంలో ఆ సంస్థే, జనానికి అంతరాయం కలిగించడం ఇకపై తమ ప్రధాన మార్గం కాదని ప్రకటించింది. ఎవరి నిర్ణయం మారాలో వాళ్ల గుమ్మం ముందు కూర్చుంటే, దారిన పోయే జనం ఎదురు తిరగరు.

గాజువాక వాసి:
అందరికీ కృతజ్ఞతలు. రోడ్డెక్కవద్దని అడిగే హక్కు నాకుందో లేదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఒక్క ఏర్పాటు మాత్రం తప్పక అడుగుతాను: ఇద్దరు కార్యకర్తలు ఆగిన వాహనాల వెంట నడుస్తూ, లోపల ఎవరున్నారో చూసి, డయాలసిస్ పుస్తకమో ఆసుపత్రి చీటీయో చూపించినవాళ్లకు తాడు విప్పాలి. ఆదివారం అమ్మ పుస్తకం పట్టుకుని ఆ సంఘం కార్యాలయానికి వెళ్తున్నాను. నెమ్మదిగా మాట్లాడిన ఆ పెద్దాయననే ముందు కలుస్తాను.