క్లాత్ డైపర్లు ఎంత ఉతికినా ఘాటు వాసన పోవట్లేదు, ఏం చేయాలి?

మా పాపకి ఐదో నెల అండి. పుట్టినప్పటినుంచి క్లాత్ డైపర్లే, మొదట్లో బానే ఉండేది కానీ ఈమధ్య ఉతికి ఆరేసినవి కూడా ఒకసారి తడవగానే గుప్పుమని వాసన కొడుతున్నాయి, పైగా సరిగ్గా పీల్చట్లేదు, పక్కలనుంచి కారిపోతోంది. మెత్తగా ఉంటాయని కండిషనర్ కూడా వేస్తున్నా. మడతలకే అరగంట పోతోంది, తేలిక పద్ధతి చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
ముందు ఆ కండిషనర్ ఆపేయండి. అది బట్టకి పొరలా పట్టేసి తడి పీల్చనివ్వదు. ఆ ఘాటు వాసన అమ్మోనియాది, ఉచ్చలో యూరియాని బ్యాక్టీరియా విడగొడితే వస్తుంది, అంటే లోపల సరిగ్గా శుభ్రం కావట్లేదన్నమాట. పాపకి రాష్ వస్తుందని సబ్బు తగ్గించేసి ఉంటారు, నేనూ అదే చేశా, తగ్గిస్తేనే ఇంకా ఎక్కువవుతుంది. ముందు చల్లనీళ్ళతో ఒకసారి తిప్పి, తర్వాత 60 డిగ్రీల వేడిలో పూర్తి కొలత సబ్బుతో ఉతకండి. మెషిన్ కుక్కేయొద్దు, బట్టలు ఒకదానికొకటి రాసుకోవాలి.

జవాబు 2:
రాత్రి వేసిన డైపర్ పొద్దున్నే జాడించి పెట్టండి, సగం వాసన అక్కడే పోతుంది. మరకలకి ఎండని మించింది లేదు, తడిగా ఉన్నప్పుడే ఆరేయండి. డైపర్ పైన తొడిగే వాటర్‌ప్రూఫ్ కవర్లు మాత్రం నీడలో ఆరేస్తే ఎక్కువకాలం వస్తాయి.

జవాబు 3:
రకరకాల మడతలు వద్దమ్మా, పొడుగ్గా మూడు మడతలేసి కవర్లో పెట్టేయడమే. ఆడపిల్లకి మధ్యలో ఒక పొర ఎక్కువ వేయి, కారదు.

అడిగినావిడ:
సబ్బు నిజంగానే తగ్గించేశానండి! ఈరోజే పూర్తి కొలత వేసి చూస్తా, చాలా థాంక్స్ అందరికీ.