హెగెర్‌బర్గ్ జాతీయ జట్టుకు దూరంగా ఉండటం సబబేనా?

మధ్యరేఖ:
నార్వే ఫుట్‌బాల్ ఫార్వర్డ్ ఆడా హెగెర్‌బర్గ్ 2017 ఆగస్టులో, ఇరవై రెండేళ్ల వయసులో, ఇక జాతీయ జట్టుకు ఆడనని ప్రకటించి, 2022 మార్చి వరకు ఆ మాట మీదే నిలిచారు. ఈ మధ్యలో, 2018లో, ఏటా ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డోర్ అవార్డును మహిళలకు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు అది ఆమెకే దక్కింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ కప్ మాత్రం ఆమె లేకుండానే సాగింది. ఫ్రాన్స్‌లోని తన లియోన్ క్లబ్బుకు ఆమె సాధించి పెట్టినదాని మీద ఎవరికీ పేచీ లేదు కనుక, ఆ నిర్ణయం ఒక్కదాని మీదే చర్చిద్దాం. అది సరైనది కాదని నా అభిప్రాయం. ఆమె తప్పుకున్న రెండు నెలలకే నార్వే ఫుట్‌బాల్ సమాఖ్య పురుషుల, మహిళల జట్లకు సమాన పారితోషికం ప్రకటించింది. మహిళల జట్టు వాటా 31 లక్షల క్రోనర్ల (నార్వే కరెన్సీ) నుంచి 60 లక్షలకు పెరిగింది. అందులో 5,50,000 క్రోనర్లు పురుష ఆటగాళ్లు తమ వాటాలోంచి వదులుకున్నవే. తలుపు తెరిచాక కూడా గడప బయటే నిలబడితే దాన్ని పంతం అనక ఏమనాలి?

పెనాల్టీ గీత:
మధ్యరేఖ గారూ, మీరు డబ్బు దగ్గరే ఆగిపోయారు. తన అభ్యంతరం పారితోషికం గురించి కాదనీ, జట్టు సన్నద్ధత గురించీ, మహిళల ఆటను సమాఖ్య చూసే తీరు గురించీ అనీ ఆమె చెబుతూనే వచ్చారు. 1995లో ప్రపంచ కప్, 2000లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన దేశం 2017 యూరోలో, అంటే యూరప్ దేశాల టోర్నీలో, ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ అయినా వేయకుండా ఇంటిముఖం పట్టింది. యూరప్ విజేతగా ఉన్న క్లబ్బులో రోజూ సాధన చేసే క్రీడాకారిణికి ఆ తేడా ఎంత కొట్టొచ్చినట్టు కనబడి ఉంటుందో ఊహించండి. ఇక బాలన్ డోర్ వేదిక మీద, ట్రోఫీ చేతిలో ఉండగా, నడుము తిప్పుతూ డాన్స్ చేయడం వచ్చా అని వ్యాఖ్యాత ఆమెను అడిగాడు. అతను తర్వాత క్షమాపణ చెప్పాడు, అది వేరే సంగతి. ఆ ప్రశ్నకు నార్వే సమాఖ్యతో సంబంధమూ లేదు. కానీ ఆమె ఎదిరిస్తున్న ధోరణి ఎలాంటిదో అక్కడ అందరూ చూశారు.

ఎనిమిదో నంబరు:
ధోరణి సంగతి ఒప్పుకుంటాను. నష్టం ఎవరికి జరిగిందో కూడా చూడాలి. 2019 మే నెలలో బుడాపెస్ట్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్లో ఆమె బార్సిలోనా మీద 14, 19, 30వ నిమిషాల్లో గోల్స్ వేశారు. అంటే అరగంటకే మ్యాచ్ చేతికొచ్చేసింది. మూడు వారాలు తిరక్కుండానే ప్రపంచ కప్ మొదలైంది. నార్వే క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఇంగ్లండ్ చేతిలో 0-3తో ఓడింది. ఆ రోజు మైదానంలో ఉన్నవారంతా అదే సమాఖ్య కింద, అవే ఏర్పాట్లతో ఆడినవారే. వారిలో ఎవరికీ ఫిర్యాదులు లేవనుకోవాలా? ఉండి కూడా ఆడారనుకుంటే, వారి ఓర్పుకు ఈ చర్చలో చోటే లేకుండా పోయింది.

పెనాల్టీ గీత:
వారి ఓర్పు గొప్పదే, అయితే దాన్ని ఆమె మీద నేరంగా మోపడం న్యాయం కాదు. ఇంకొకటి, ఐదేళ్ల బహిష్కరణ అని లెక్క కట్టేవారు 2020 జనవరిలో ఆమె మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగిందనీ, 2021 అక్టోబరు వరకు క్లబ్బుకు సైతం ఆడలేకపోయారనీ మరిచిపోతున్నారు. సమాఖ్య అధ్యక్షురాలిగా, ఆ పదవిలో తొలి మహిళగా, మాజీ క్రీడాకారిణి లిసె క్లావెనెస్ ఎన్నికైన నెలలోనే ఆమె తిరిగి వచ్చారు. ఏప్రిల్‌లో కొసావో మీద హ్యాట్రిక్ సాధించారు. పంతమే అయితే ఇంత తేలిగ్గా సడలేదా?

మధ్యరేఖ:
మీ వరుసలో తర్వాతి మ్యాచ్‌లు కూడా చేర్చండి. అదే ఏడాది జులైలో, యూరోలో, హెగెర్‌బర్గ్ ఆడుతుండగానే ఇంగ్లండ్ నార్వేను 8-0తో ఓడించింది; నార్వే మళ్లీ గ్రూపు దశలోనే నిష్క్రమించింది. సన్నద్ధత బాగుపడితేనే వస్తానన్నవారు వచ్చిన నాలుగు నెలలకు ఇదీ ఫలితం. అప్పటికీ ఏర్పాట్లు మెరుగుపడలేదంటే దూరంగా ఉండి ఆమె సాధించినది ఏమిటో, మెరుగుపడ్డాయంటే ఆ ఎనిమిది గోల్స్‌కు కారణం ఏమిటో, రెండింటిలో ఏదో ఒకదానికి మీరు జవాబు చెప్పవలసి ఉంటుంది.