మే నెలలో కేదార్, బదరీ యాత్ర: ముందుగా ఢిల్లీలో ఒక పగలు ఆగవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మే మూడో వారంలో మా అమ్మానాన్నలను కేదారనాథ్, బదరీనాథ్ యాత్రకు తీసుకువెళుతున్నాను. నాన్నగారికి 68 ఏళ్లు, రక్తపోటుకు రెండు రకాల మాత్రలు వేసుకుంటారు. అమ్మకు 63 ఏళ్లు, చక్కెర వ్యాధి వల్ల రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటుంది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు ఉదయం న్యూఢిల్లీలో దిగుతాము. ఏర్పాట్లు చూస్తున్న ట్రావెల్స్ వారు ఆ పగలంతా ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేట్, రాజ్‌ఘాట్ చూపించి, రాత్రి బస్సులో హరిద్వార్ చేరుస్తామని అంటున్నారు.

కొండ మీద చలి గురించి, ఆయాసం గురించి చెప్పనివారు లేరు. స్వెట్టర్లు, మంకీ టోపీలు, కర్పూరం అన్నీ సర్దుకున్నాము. అయితే యాత్ర మొదలయ్యే ఊరిలో ఎండ ఎలా ఉంటుందో, పెద్దవాళ్లు దాన్ని తట్టుకుని మూడు రోజుల్లో కొండ ఎక్కగలరో లేదో చెప్పేవారు మాత్రం కనిపించలేదు. ఓరుగల్లు ఎండలు చూసినవాళ్లం కాబట్టి ఢిల్లీ ఎండకు భయపడనక్కరలేదని నాన్నగారి వాదన. ఎర్రకోటను ఒక్కసారి చూడాలన్నది ఆయనకు ఎంతోకాలంగా ఉన్న కోరిక. కాదనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం (ఢిల్లీలో స్థిరపడిన గుంటూరు వాసి)

నమస్కారమండీ. ఈ ఊళ్లో పంతొమ్మిది వేసవులు గడిపాను. ఏటా మే, జూన్ నెలల్లో మా బంధువులలో ఎవరో ఒకరు చార్‌ధామ్‌కు వెళుతూ మా ఇంట్లో దిగుతారు. వారిని చూసిన అనుభవంతోనే చెబుతున్నాను, ఆ పగటి దర్శనం పూర్తిగా మానుకోండి.

నాన్నగారి మాటలో నిజం లేకపోలేదు. అంకెలు చూస్తే మీ దగ్గరి రామగుండానికీ ఢిల్లీకీ పెద్ద తేడా కనిపించదు. 2024 మే 29న ఇక్కడి సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైనప్పుడు దాదాపు ఎనభై ఏళ్లలో అదే అత్యధికమని అన్నారు గాని, మామూలు మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో 42 నుంచి 44 వరకు ఉంటుంది. తేడా అంతా గాలిలో ఉంది. రాజస్థాన్ వైపు నుంచి వీచే పొడి వడగాలిని ఇక్కడ ‘లూ’ అంటారు. ఆ గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, చొక్కా తడవదు, అందువల్ల ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు. సాయంత్రానికి పెదవులు పగిలి, తల దిమ్మెక్కి, మూత్రం పచ్చబడిన తరువాత గాని ఎవరూ గ్రహించరు. పైగా ఇంట్లో ఉన్నప్పుడు పదకొండింటికల్లా తలుపులు వేసుకుని కుండలో నీళ్లు తాగుతూ కూర్చునే మనిషి, ఇక్కడ అదే వేళకు ఎర్రకోటలో నీడలేని రాతి బాటల మీద నడుస్తుంటాడు. ఓరుగల్లులో ఆయన ఎండను చూసి ఉంటారు గాని, మిట్టమధ్యాహ్నం అందులో తిరిగి ఉండరు. (సోమవారం దిగేటట్లయితే ఎర్రకోటకు ఎలాగూ సెలవు.)

నేనైతే ఇలా చేస్తాను. న్యూఢిల్లీ స్టేషనులోనే రిటైరింగ్ రూములు ఉన్నాయి, మీ టికెట్ పీఎన్‌ఆర్ నంబరుతో ముందుగా బుక్ చేసుకోవచ్చు. దిగగానే అక్కడికి వెళ్లి స్నానం చేసి, పెరుగన్నం లాంటి తేలిక భోజనం చేసి, మధ్యాహ్నం వరకు పడుకోండి. మధ్యాహ్నం అదే స్టేషను నుంచి డెహ్రాడూన్ వెళ్లే జన్ శతాబ్ది ఉంది. ఏసీ చైర్ కార్‌లో కూర్చుంటే రాత్రి భోజనం వేళకు హరిద్వార్‌లో ఉంటారు. నగరంలో అడుగు పెట్టనక్కరలేదు. టికెట్లు దొరక్కపోతే మెట్రోలో పసుపు లైన్ మీద మూడో స్టేషను కశ్మీరీ గేట్, హరిద్వార్ బస్సులు అక్కడినుంచే. మెట్రో అజ్మీరీ గేట్ వైపు ఉంటుంది కాబట్టి పహాడ్‌గంజ్ వైపు దిగి సామానుతో తిప్పలు పడవద్దు.

ఆంధ్రా భవన్ భోజనం తినాలని మనవాళ్లందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ ఒంటిగంట ఎండలో వరుసలో నిలబడి, కారం పచ్చళ్లతో కడుపు నిండా తిని బయటికి రావడం యాత్రకు వెళ్లే పెద్దలకు తగదు. దానికి బదులు బేల్ శర్బత్ తాగించండి. అది మన మారేడు పండు గుజ్జును నీటిలో పిసికి వడగట్టినదే. శివుడి దగ్గరికి వెళుతూ మారేడు తాగి బయలుదేరడం అమ్మగారికి కూడా నచ్చుతుంది. అమ్మగారికి మాత్రం పంచదార వేయకుండా చేయించండి. ఐసు వేయనివ్వకండి.

రెండవ సమాధానం (విజయవాడ నుంచి)

పై సమాధానంలోని చాలా విషయాలతో ఏకీభవిస్తున్నాను గాని, ఢిల్లీలో రాత్రి నిద్ర లేకుండా ముందుకు సాగడం అందరికీ సరిపడదు. నిరుడు మా అమ్మను ఇలాగే రైలు దిగిన రోజే మళ్లీ రైలెక్కించాను. హరిద్వార్ చేరేసరికి ఆమె కాళ్లు వాచి, రెండు రోజులు లేవలేకపోయింది. ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని వచ్చిన పెద్దలకు నడుము వాల్చే రాత్రి ఒకటి కావాలి. అది ఢిల్లీలో అయినా ఫరవాలేదు, చల్లని గది దొరికితే చాలు.

ఆ చల్లని గది విషయంలోనే జాగ్రత్త. తిరుగు ప్రయాణంలో ఏసీ గదికి డబ్బు కట్టి వెళితే, పై అంతస్తులో కూలరున్న గది ఇచ్చి, ఏసీ గదులు నిండిపోయాయని చెప్పారు. మే నెల పొడి గాలిలో కూలరు కొంత పనిచేస్తుంది, తడి గడ్డి మీదుగా వచ్చే గాలి చల్లబడుతుంది. మేము వెళ్లింది జూన్ చివరి వారం. గాలిలో తేమ పెరిగినప్పుడు కూలరు గదిని చల్లబరచదు, జిగటగా చేస్తుంది. రాత్రి పదకొండింటికి స్నానానికి కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్లు చేయి కాలేటట్లు వచ్చాయి. రెండు బకెట్లు పట్టి ఫ్యాను కింద ఉంచి, తెల్లవారుజామున ఆ నీళ్లతో స్నానాలు చేశాము. కాబట్టి గది తీసుకునేటప్పుడు పై అంతస్తు వద్దని ముందే చెప్పండి. డబ్బు కట్టేముందు ఏసీ వేయించి పది నిమిషాలు గదిలో కూర్చుని చూడండి.

ఇంకొక మాట. హరిద్వార్ చేరితే చల్లదనం మొదలవుతుందని చాలామంది భ్రమపడతారు. ఆ ఊరు సముద్ర మట్టానికి 314 మీటర్ల ఎత్తులోనే ఉంది, మే నెలలో అక్కడా 40 డిగ్రీల దాకా ఉంటుంది. హర్ కీ పౌరీ దగ్గర పగలు మెట్ల బండలు అరికాళ్లను కాలుస్తుంటే, గంగ నీళ్లు మాత్రం మంచులా ఉంటాయి. వేడెక్కిన ఒంటితో ఒక్కసారిగా మునగనివ్వకండి. ముందు పాదాలు, తరువాత చేతులు, ముఖం తడిపి, కాసేపు ఆగి మునిగితే మంచిది. మీ దగ్గర అదనంగా ఒక రోజు ఉంటే దాన్ని ఢిల్లీలో గాని హరిద్వార్‌లో గాని ఖర్చుపెట్టకండి. కేదారం దారిలోని గుప్తకాశి సుమారు 1,300 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఆగండి. 3,583 మీటర్ల కేదారానికి ఎక్కేముందు ఒంటికి ఆ విశ్రాంతే నిజంగా ఉపయోగపడుతుంది.

మూడవ సమాధానం (ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను)

నాన్నగారు వేసుకునే రక్తపోటు మాత్రలలో మూత్రం ఎక్కువగా పోయే రకం, అంటే వాడుకలో ‘నీళ్ల మాత్ర’ అనేది, ఉందేమో ముందు చూడండి. ఉంటే ఎండలో ఒంట్లోని నీరూ ఉప్పూ మరింతగా పోతాయి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మాత్రను మీ అంతట మీరు మానిపించకుండా, ప్రయాణానికి వారం ముందే డాక్టరుగారిని అడిగి మోతాదు గురించి తేల్చుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు రోజుకు ఎంత నీరు తాగాలో కూడా ఆయననే అడగాలి.

ఓఆర్‌ఎస్ పొడి పొట్లాన్ని దాని మీద రాసినంత నీటిలోనే సరిగ్గా కలపాలి, గ్లాసులో సగం పొట్లం పోయడం తప్పు. దుకాణాల్లో డబ్బాల్లో వచ్చే పళ్లరసం లాంటి తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి. అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. అమ్మగారికి చక్కెర ఉంది కాబట్టి దాహానికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు.

ఇక ఇన్సులిన్. వాడుతున్న సీసాను 30 డిగ్రీల లోపు ఉంచాలి, ఢిల్లీలో చేతిసంచిలో పెట్టుకుంటే ఆ హద్దు గంటలో దాటిపోతుంది. సీసాను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి గుడ్డ చుట్టి, గాలి ఆడేచోట ఉంచి, గుడ్డ ఆరినప్పుడల్లా తడపండి. ఐసు గడ్డలకు నేరుగా ఆనించవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మూడు రోజుల తరువాత కేదారంలో ఇదే సీసాను రాత్రి చలికి గడ్డకట్టకుండా అమ్మగారి స్వెట్టరు లోపలి జేబులో పెట్టుకోవలసి వస్తుంది. ఒకే యాత్రలో రెండు ప్రమాదాలూ ఉన్నాయని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు పేలాలు వేగేటట్లు కాలుతున్నా అది వడదెబ్బే. ఆ స్థితిలో నోట్లో నీళ్లు పోయవద్దు. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 112కు ఫోన్ చేయండి. వాహనం వచ్చేదాకా తడపడం ఆపవద్దు. ఢిల్లీలో రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో వడదెబ్బకు ప్రత్యేక విభాగం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడు సమాధానాలూ నాన్నగారికి చదివి వినిపించాను. ట్రావెల్స్ వారికి పగటి దర్శనం వద్దని చెప్పేశాము. మధ్యాహ్నం వరకు రిటైరింగ్ రూము, తరువాత జన్ శతాబ్ది, హరిద్వార్‌లో ఏసీ గదిలో రాత్రి నిద్ర, ఆపైన గుప్తకాశిలో ఒక రోజు అదనంగా అనుకున్నాము. ఆయన మాత్రలలో నీళ్ల మాత్ర ఉందని తేలింది, శనివారం డాక్టరుగారి దగ్గరికి వెళుతున్నాము. తిరుగు ప్రయాణంలోనైనా ఎర్రకోట చూడవచ్చా అని ఆయన అడుగుతున్నారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

తప్పకుండా చూడవచ్చు. అప్పటికి కొండ దిగి వచ్చి ఉంటారు కాబట్టి ఆ ఒక్క రోజు అలసినా యాత్ర చెడదు. ముందురోజు రాత్రికే ఢిల్లీ చేరి, సోమవారం కాకుండా చూసుకుని, ఉదయం తలుపులు తెరిచే వేళకే లాహోరీ గేటు దగ్గర ఉండండి. దీవాన్-ఎ-ఆమ్, దీవాన్-ఎ-ఖాస్ చూసి ఎండ ముదరకముందే గదికి చేరిపోవచ్చు. మాకు కబురు చేస్తే నేనూ వస్తాను, ఇంటి నుంచి కుండ నీళ్లు, మజ్జిగ పట్టుకొస్తాను.