వాలంటీర్ల లోపాలు రిజిస్టర్లో రాయాలా, వద్దా?

కావలి కుర్రోడు: యువజన సంఘాల్లో వాలంటీరు ఆలస్యంగా వచ్చినా, ఒప్పుకున్న పని మధ్యలో వదిలేసినా కాగితం మీద పెట్టాలంటున్నారు కొందరు. నాకది నచ్చలా. జీతం లేని మనిషికి మెమో ఏంది? ఊళ్లో అందరూ తెలిసినోళ్లే. రాసిన ముక్క ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఆ పిల్లోడి ఇంటికి చేరతాది. ఇక వాడు రాడు, వాడి వీధిలో ఇంకెవరూ రారు. పక్కకి పిలిచి చెప్తే పోయేదానికి పుస్తకాలెందుకు?

స్వర్ణాల గట్టు: పిలిచి చెప్పడమే మొదటి మెట్టు తమ్ముడూ, కాదన్లేదు. కానీ నోటిమాట నలుగురి దగ్గర తిరిగేసరికి ‘ఒకరోజు ఆలస్యం’ కాస్తా ‘వాడెప్పుడూ అంతే’ అయిపోతాది.

నెల్లూరు రొట్టెల పండగ డ్యూటీనే తీసుకో. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు ఘాట్‌లో కాలు పెట్టే సందుండదు. ఒక పాయింట్లో కాసేపు మనిషి లేడనుకో. ‘బాధ్యత లేకుండా వెళ్లిపోయాడు’ అని రాస్తే అది తీర్పు. ‘మెట్ల పాయింట్. డ్యూటీ 2 నుంచి 6. వెళ్లింది 6:10. తర్వాతి మనిషి వచ్చింది 6:30. అప్పగింత జరగలేదు. చూసింది షిఫ్ట్ ఇన్‌ఛార్జి’ అని రాయి. నాలుగు గంటలు నిలబడి, పైన ఇంకో పది నిమిషాలు ఆగినోడిని ఏమనగలం? ఇద్దరూ కలిసుండే పావుగంట పెట్టకుండా రోస్టరు వేసినోళ్లని అడగాలి. రాతే వాణ్ని కాపాడింది.

కళ్లారా చూసినోళ్లే, అదే రోజు రాయాలి. దానివల్ల ఏ పని ఆగిందో కూడా రాయాలి. నిర్లక్ష్యం, పొగరు, ఎప్పుడూ... ఈ మాటలు కాగితం మీద పడకూడదు.

పొదిలి టీచరమ్మ: గట్టు గారూ, రాసే తీరు బాగుంది. ఎవరి గురించి రాస్తారన్నది ఎవరి చేతిలో ఉంది? నాయకుడి స్నేహితుడు అరగంట ఆలస్యమైతే పెన్ను కదలదు, ఇంకొకరు పది నిమిషాలకే పుస్తకానికెక్కుతారు. అంకెలన్నీ నిజమే, పుస్తకం మాత్రం అబద్ధం! అందుకే తప్పుల కోసం విడిగా పుస్తకం పెట్టొద్దంటాను. హాజరు పట్టీ ఒక్కటే ఉండాలి. వచ్చిన టైము, వెళ్లిన టైము నాయకుడితో సహా అందరూ వేయాలి. కాలేజీల్లో ఉండే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్లకి ఇది ఎలాగూ కావాల్సిందే. సర్టిఫికెట్‌కి రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉండాలి కదా. ఆఖర్లో కూర్చుని గంటలు పూడిస్తే నిజంగా పనిచేసిన అమ్మాయికి అన్యాయం.

అసలు పని ఏంటో ముందు రాసివ్వకుండా ‘సరిగా చేయలేదు’ అనే హక్కు ఎవరికీ లేదు. ఎన్నింటికి రావాలి, రాలేకపోతే ఎవరికి ఎంత ముందు చెప్పాలి, అర పేజీ చాలు.

ఒంగోలు బాబాయ్: టీచర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా ఎవరి లోపమైనా విడి కాగితం మీద రాయాల్సొస్తే, రాసింది రెండు మూడు రోజుల్లో ఆ మనిషికి చూపించి, కింద సగం పేజీ అతని మాటకి వదలాలి. పల్లె నుంచి మొదటి బస్సే 7కి వస్తే 6:30 డ్యూటీ వేసినోళ్లదే తప్పవుద్ది. సంతకం ‘చదివాను’ అన్నదానికే, ఒప్పుకున్నట్టు కాదని ఆ కాగితం మీదే ఉండాలి, లేకపోతే ఎవరూ పెట్టరు. ఏం మారాలి, ఎవరు సాయం చేస్తారు, మళ్లీ ఏ తేదీన చూస్తారు, ఇవి లేకపోతే అది చార్జిషీటే.

పిల్లల మీద లైంగిక వేధింపు అనుమానం మాత్రం ఇందులోకి రానే కూడదు. అది పనితీరు కాదు, నేరం. పోక్సో చట్టం, 2012, సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి చెప్పాల్సిందే. ‘ముందు మనలో మనం విచారిద్దాం’ అంటే కుదరదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చేయొచ్చు. బిడ్డ పేరు సంఘం రిజిస్టర్లో ఎక్కడా కనపడకూడదు.

కావలి కుర్రోడు: అందరికీ ఒకటే పట్టీ అంటే సమ్మతమే టీచరమ్మా. ఫొటో భయమే పోలేదు.

స్వర్ణాల గట్టు: హాజరు పట్టీ గోడకి, లోపాల కాగితాలు బీరువాకి. మనిషికో కవరు, తాళం ఇద్దరి దగ్గరే. గూగుల్ షీట్ వద్దు, లింకు చేతులు మారతాది. ఎవరి కాగితం వాళ్లు ఎప్పుడడిగినా చూపించాలి. ఏడాదిలో మళ్లీ అదే లోపం రాకపోతే చింపేయండి.

పొదిలి టీచరమ్మ: ఆ మనిషి ఎదుటే చింపాలి. కమిటీ మారే ముందే ఆ పని అయిపోవాలి, పాత కోపాలు కొత్తవాళ్లకి అప్పగించకూడదు.

కావలి కుర్రోడు: మరి ఎన్నోసారికి రాయాలి?

ఒంగోలు బాబాయ్: ఆలస్యమైతే మొదటిసారి మాటే, రెండోసారి రాత. డబ్బు లెక్క తేలకపోయినా, మైపాడులోనో కొత్తపట్నంలోనో బీచ్ శుభ్రం చేయడానికి తీసుకెళ్లిన పిల్లల్ని తల లెక్క పెట్టకుండా బస్సెక్కించినా, మొదటిసారే రాయాలి.