థ్రాటిల్ రెస్పాన్స్‌ను ‘అందుకోలు’ అనవచ్చునా?

గత వారం నెల్లూరు ఆటోనగర్‌లో విన్న రెండు మాటలు ఈ చర్చకు కారణం. మా తమ్ముడు తన టర్బో పెట్రోలు కారుకు ట్యూనింగ్ చేయించి వారం తిరగకముందే మరొక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళి, “పికప్ బాగానే ఉందన్నా, బండే నా కాలికి సరిగ్గా అందుకోవడం లేదు” అన్నాడు. ఆ మెకానిక్ బానెట్ తెరవకుండానే, “తొక్కినాక జాగు చేస్తా ఉందా, తొక్కీ తొక్కకముందే దూకతా ఉందా?” అని అడిగాడు. మన పత్రికల్లో కార్ల గురించి రాసేవారు యాక్సిలరేటర్ పెడల్ తొక్కినప్పుడు బండి బదులిచ్చే తీరును చెప్పే థ్రాటిల్ రెస్పాన్స్ అనే మాటను ఉన్నదున్నట్లు రాయడమో, ‘ప్రతిస్పందన’ అని సరిపెట్టడమో చేస్తున్నారు. ఆ ఇద్దరి నోట వచ్చిన అందుకోవడం, జాగు, దూకడం అనే మూడు మాటలూ విషయాన్ని అంతకంటే ఎంతో స్పష్టంగా చెబుతున్నాయని నాకు అనిపించింది.

ఇంగ్లీషులో థ్రాటిల్ అనే మాటకు గొంతు నొక్కడం అనే అర్థం ఉంది. పెట్రోలు ఇంజనులోకి పోయే గాలిదారిలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. అది మూసుకుంటే ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, తెరుచుకుంటే పెరుగుతుంది కనుక ఆ పేరు వచ్చింది. డీజిల్ ఇంజనులో శక్తిని నిర్ణయించేది ఇంధనం ఎంత పోస్తున్నామన్నదే గాని గాలి తలుపు కాదు. విద్యుత్తు కారులో అసలు గాలిదారే లేదు. అందువల్ల ఆ మాటను మక్కికి మక్కి తెలుగు చేయబోతే గొంతు దగ్గరో తలుపు దగ్గరో చిక్కుకుపోతాం. కాలు అడిగినదానికి బండి ఎలా బదులిస్తున్నదన్నదే మనకు కావలసిన అర్థం.

ఆ అర్థానికి ‘అందుకొను’ అనే క్రియ ఎంత బాగా ఒదుగుతుందో చూడండి. భజనలో ముందు పాడేవారు చరణం విడిచిన చోట వెనుకవారు పల్లవి అందుకుంటారు. కట్టెలు పచ్చివైతే పొయ్యి మంట అందుకోదు. రెండు చోట్లా ఒకరు మొదలుపెట్టినదానిని వేరొకటి తన శక్తితో కొనసాగించడం ఉన్నది; మధ్యలో ఎంత ఆలస్యం జరిగిందన్న ఎరుక కూడా ఉన్నది. వేడుకొను నుండి వేడుకోలు, వీడుకొను నుండి వీడుకోలు, పుచ్చుకొను నుండి పుచ్చుకోలు వచ్చినట్లే, అందుకొను నుండి అందుకోలు అనే నామవాచకాన్ని తీసుకోవడంలో వ్యాకరణానికి అడ్డేమీ కనిపించదు.

టర్బో విషయానికి వస్తే ఈ క్రియ మరింత అక్కరకు వస్తుంది. లాటిన్‌లో టర్బో అంటే సుడిగాలి, బొంగరం అని అర్థాలు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటిగాలిని ఒత్తి లోపలికి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి 1,00,000 చుట్లకు మించి తిరగగలదు. బొంగరమైనా తాడు లాగగానే తిరుగుతుంది గాని, టర్బో మాత్రం తగినంత పొగ వచ్చేదాకా వేగం పుంజుకోదు. కాలు తొక్కగానే ఇంజను తన సొంత బలంతో కొంత అందుకుంటుంది, టర్బో ఆ తరువాత ఊపందుకుంటుంది. అందుకోవడానికీ ఊపందుకోవడానికీ నడుమ ఉన్న ఎడమే టర్బో జాగు. తెలుగులో ఒకే క్రియ రెండు అంచెలనూ ఇంత సహజంగా చెప్పడం నాకు చాలా ఆనందం కలిగించింది.

అయితే ఊపందుకునే వేగమూ జాగూ ఒకటి కావని గుర్తుంచుకోవాలి. ఇంజను చుట్లు ఒక మేరకు చేరనిదే టర్బో ఒత్తిడి ఇవ్వలేదు. ఆ మేరకు దిగువన ఎంతసేపు తొక్కిపట్టినా ఫలితం ఉండదు, గేరు తగ్గించవలసిందే. ఆ మేర దాటిన తరువాత కూడా తొక్కినప్పటి నుండి ఒత్తిడి నిండేదాకా పట్టే సమయాన్నే జాగు అనాలి.

ఇప్పుడు ఇష్టాయిష్టాల సంగతి. నేటి కార్లలో కాలి కింది పెడల్‌కూ గాలి తలుపుకూ మధ్య తీగ ఉండదు. పెడల్ ఎంత దిగిందో సెన్సర్ కొలిచి చెబుతుంది, తలుపు ఎంత తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ట్యూనింగ్ చేసేవారు ఆ లెక్కను మార్చి, పెడల్ సగం దిగేసరికే తలుపు పూర్తిగా తెరుచుకునేటట్లు చేయగలరు. మా తమ్ముడి కారుకు మొదట జరిగినది ఇదే. తొలి రెండు రోజులు బండికి కొత్త ప్రాణం వచ్చిందని అతడు సంబరపడ్డాడు. ట్రంకు రోడ్డులో ఆటోల మధ్య నడిపేటప్పుడు మాత్రం బొటనవేలు కదిపితే చాలు కారు ఉలిక్కిపడేది, పెడల్ మిగిలిన సగం తొక్కినా ఏమీ జరిగేది కాదు. టర్బో జాగు కూడా రవ్వంత తగ్గలేదు, ఎందుకంటే జాగు తగ్గాలంటే పొగచక్రం చిన్నదిగా తేలికగా ఉండడం, గాలి గొట్టాలు పొట్టిగా ఉండడం వంటివి కావాలి. చిన్న చక్రం తొందరగా ఊపందుకుంటుంది గాని ఇంజను చుట్లు బాగా పెరిగాక పొగకు దారి చాలనివ్వదు. పెద్ద చక్రం పైవేగాల్లో బలాన్నిచ్చి కింద ఎదురుచూడమంటుంది.

పెడల్ లెక్కకు నేను ‘పాళం’ అనే మాట వాడతాను. నెల్లూరు చేపల పులుసులో పులుపూ కారమూ పాళం తప్పితే చేప ఎంత తాజాదైనా రుచి చెడుతుంది. ఇక్కడా అంతే, కాలు ఇచ్చిన ఒత్తిడికి తగినంతే బలం రావాలన్నది నా కోరిక. కావలి దాటి ఒంగోలు వైపు జాతీయ రహదారిపై లారీని దాటవలసినప్పుడు కొంచెం జాగు ఉన్నా నేను ముందే గేరు మార్చుకొని సర్దుకోగలను. దోర్నాల నుండి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో మలుపు మధ్యన కారు నేను అడగని బలాన్ని ఇస్తే మాత్రం భయం వేస్తుంది. మా తమ్ముడికి ఇందుకు భిన్నంగా, తొక్కగానే వీపు సీటుకు తగలాలి. ఇద్దరిలో ఎవరిది సరైనదో తేల్చలేము, అయితే ఇద్దరమూ ‘పికప్ కావాలి’ అనే ఒక్క మాటే వాడినంతకాలం మెకానిక్‌కు మా తేడా తెలిసే వీలు లేదు.

ఒంగోలు నుండి ఒక సభ్యురాలి వ్యాఖ్య:

నమస్కారమండీ. మా నాన్నగారు బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను మేపేవారు. అదిలించగానే కదిలే గిత్తకు విలువ ఎక్కువ, అదిలించకముందే ఉరికేదానిని ఆయన కాడికి కట్టేవారు కాదు. జతలో ఒకటి ముందు అందుకొని రెండోది జాగు చేస్తే కాడి ఒరిగిపోతుందని చెప్పేవారు. కాబట్టి మీ అర్థానికి ‘అదిలింపు’ అనే మాట సరిపోదా?

నా సమాధానం:

అమ్మా, మీ నాన్నగారి మాటతో నా ఆలోచనకు గట్టి ఆధారం దొరికింది. అదిలింపు తోలేవారి పని, అందుకోలు గిత్త పని. కారులో మొదటిది కాలిది, రెండవది ఇంజనుది. పెడల్ తొక్కడాన్ని అదిలింపు అనీ, బండి ఇచ్చే బదులును అందుకోలు అనీ విడదీస్తే రెండు మాటలూ మనకు దక్కుతాయి. జతగిత్తల పోలిక ఇంజనుకూ టర్బోకూ అతికినట్లు ఉంది, ఎందుకంటే అక్కడ రెండోది ఎప్పుడూ కొంత వెనుకనే అందుకుంటుంది.

మా తమ్ముడి కారులో బండి చురుగ్గా బదులిచ్చేటట్లు పెట్టుకునే స్పోర్ట్ మోడ్ అనే అమరిక ఉంది. నిన్న సాయంత్రం అతడు ఆ మెకానిక్‌తో “జాగు ఉంటే ఉండనీ అన్నా, ఊళ్ళో పాళం చెడకుండా చూడు, స్పోర్ట్ మోడ్‌లో మాత్రం బిరుసుగా పెట్టు” అన్నాడు. మెకానిక్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు.